ఏదైనా జరిగితే ఇంటికి తేకండి

పెందుర్తిలో మా వీధిలో ఎవరు మేడ మీద కొత్తగా పోర్షన్ కట్టుకున్నా ముందు నా దగ్గరికే వస్తారు. నేను లాయర్ని కాను. ఏళ్ళ తరబడి ఇల్లు అద్దెకిస్తున్నదాన్ని, నోరు కాస్త పెద్దది, అంతే. అగ్రిమెంటు పదకొండు నెలలకే ఎందుకు రాస్తారని అడుగుతారు. ఏడాదికి రాస్తే రిజిస్ట్రేషన్ చేయించాలి కాబట్టి, ఆ తిరుగుడు పడలేక అలా రాసుకుంటారని చెప్తాను. తాళం ఇచ్చే ముందు గోడలూ కుళాయిలూ ఫోన్లో ఫొటోలు తీసి పెట్టుకోమంటాను. దిగేవాళ్ళ ఆధార్ కాపీ ఒకటి స్టేషన్లో ఇచ్చి రమ్మంటాను. కోపమొచ్చి ఫ్యూజు పీకినా, నీళ్ళు కట్టేసినా, రేపు కోర్టులో చేతులు కట్టుకుని నిలబడాల్సింది నువ్వేగానీ వాడు కాదని మరీ మరీ చెప్తాను. ఖాళీ చేయించాలంటే నోటీసు రాసివ్వాలి, గడువివ్వాలి, అప్పటికీ కదలకపోతే కోర్టుకెళ్ళాలి. సామాన్లు వీధిలో పారేస్తే రౌడీతనం అవుతుంది, ఓనరుతనం అవదు.

ఇంకొకటి కూడా చెప్తాను. మన దగ్గర రెండో తాళంచెవి ఉందని లోపలికి వెళ్ళిపోకూడదు. తలుపు కొట్టాలి. ఇల్లు నీదే కావచ్చు, అద్దెకిచ్చాక ఆ నాలుగు గోడల మధ్య బతుకు వాళ్ళది. ఇది చెప్తే మాత్రం చాలామంది మొహం ముడుచుకుంటారు. ముడుచుకుంటే ముడుచుకోనీ.

ఒక షరతు మాత్రం నేను చెప్పను. దాన్ని వీధి వీధంతా చెప్తుంది. తాళం చేతిలో పెడుతూ, గొంతు తగ్గించి, ఎటో చూస్తూ అంటారు: ఏదైనా జరిగితే ఇంటికి తేకండి. ఏదైనా అంటే చావు. చావు అనడానికి నోరు రాదు, తేవద్దనడానికి మాత్రం వస్తుంది. ప్రాణం పోయిన ఘడియలో నక్షత్రం మంచిది కాకపోతే ఆ ఇల్లు నెలల తరబడి మూసెయ్యాలని మనవాళ్ళ పట్టింపు. అద్దెకున్నవాళ్ళ చావుకి ఓనరు ఇల్లు ఎందుకు మూసుకోవాలి అనేది వాళ్ళ లెక్క. అందుకని మా ఊళ్ళో అద్దెకున్న మనిషి పోతే ఆసుపత్రి నుంచి నేరుగా శ్మశానం దగ్గరున్న షెడ్డుకి తీసుకెళ్తారు. కొందరు రోడ్డు పక్కన టెంటు వేసి, దాని కింద పడుకోబెట్టి ఏడుస్తారు. బస్సులో వెళ్తూ అలాంటి టెంటు చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. కానీ మండి ఊరుకోవడం వేరు, మన గేటు దాకా రావడం వేరు.

మా ఇల్లు నా పేరున ఉంది. మా నాన్న పసుపు కుంకుమ కింద ఇచ్చిన స్థలం అది. కింద మేముంటాం, మేడ మీద అద్దెకిస్తాం. మా ఆయన స్టీలు ప్లాంటులో చేసి రిటైరయ్యారు. నెమ్మదైన మనిషి. వాళ్ళన్నయ్య మాటకి ఎదురు చెప్పి ఎరగరు. ఆ అన్నయ్యగారే, అంటే మా బావగారే, మా ఇంటి అగ్రిమెంట్లన్నీ రాయించి పెడతారు. పైకి అద్దెకి దిగినవాళ్ళకి ఆ షరతు చెప్పిందీ ఆయనే. మేకులు కొట్టొద్దు, రాత్రిపూట రుబ్బొద్దు, ఏదైనా జరిగితే ఇంటికి తేవద్దు, మూడూ ఒకే ఊపిరిలో చెప్పేశారు. పరవాడ మందుల కంపెనీలో షిఫ్టులు చేసే ఆ అబ్బాయి, వాడి పెళ్ళాం, వాడి తల్లి, ముగ్గురూ తలూపారు.

ఆ తల్లి గురించి చెప్పాలి. శ్రీకాకుళం వైపు పల్లెటూరి మనిషి, జన్మంతా పొలం పనే. పట్నం వచ్చినా చేతులు ఊరుకోలేదు. ఊరి నుంచి చోళ్ళ బస్తాలు, అదే రాగులు, తెప్పించి మా డాబా మీద ఎండబెట్టేది. పొద్దుటే చోడంబలి తాగకపోతే ఆవిడకి తెల్లారినట్టు ఉండదు. ఎండబెడితే ఎండబెట్టింది, పావురాలు దిగేవి. ఆ గింజలూ, ఆ ఈకలూ, ఆ రెట్టలూ కలిసి వాననీళ్ళ పైపు మూసుకుపోయింది. ఒక ముసురుకి డాబా చెరువై, మా వంటింటి స్లాబు చెమర్చి, పెచ్చులు పప్పు గిన్నెలో పడ్డాయి. పైకెళ్ళి అడిగాను.

"నా సోళ్ళేటి సేసినాయే నిన్ను? ఆ పైపు సన్నంగా ఎట్టించింది నీ మొగుడు," అంది ఆవిడ.

"పైపు సంగతి తరవాత. ముందు ఆ చోళ్ళు తియ్యి."

"తియ్యను. ఎండ నీదా?"

అలా మొదలైంది. నేను డాబా తలుపుకి తాళం వేస్తే ఆవిడ మెట్ల మీదే ఎండబెట్టింది. ఆవిడ చేపలు కడిగిన నీళ్ళు నా కరివేపాకు మొక్క మొదట్లో పోసేది, అది బలమట. నేను పైకి వినపడేలా సణిగితే, ఆవిడ కిందికి వినపడేలా జవాబిచ్చేది. అబ్బాయీ కోడలూ పాపం ఇద్దరి మధ్యా నలిగిపోయారు. చివరికి నాకు విసుగొచ్చి, చక్కగా గడువు పెట్టి, ఖాళీ చెయ్యమని నోటీసు రాసిచ్చాను. నేనంటే నేనే. కాయితం నీతులు ఊరందరికీ చెప్పేదాన్ని, నా దగ్గరికొచ్చేసరికి పాటించనా?

గడువు ఇంకా ఉండగానే ఆవిడ మంచం పట్టింది. దగ్గు, ఆయాసం, ఆ పైన ఊపిరితిత్తుల్లో ఏదో ఉందన్నారు. పెద్దాసుపత్రిలో చేర్చారు. నేను చూడ్డానికి వెళ్ళలేదు. మా ఆయన వెళ్ళొచ్చి, బాగా నీరసించిందని చెప్పారు. డాబా ఖాళీగా ఉంది. పావురాలు వచ్చి, చూసి, వెళ్ళిపోతున్నాయి.

ఒక ఉదయం కోడలు ఒక్కతే ఆసుపత్రి నుంచి వచ్చింది. పైకెళ్ళి చాపా, దుప్పట్లూ, బకెట్టూ మూట కట్టుకుని దిగుతూ కనిపించింది. గుమ్మంలోంచి పలకరించాను.

"అత్తని సింహాసలం తీసుకెల్తన్నామండి," అంది. "కొండ కింద సత్రంలో గది సెప్పినారు. అప్పన్న దర్శనం సేయిద్దామని."

"ముక్కుకి గొట్టం పెట్టిన మనిషికి దర్శనమేటే?"

పిల్ల తల దించుకుంది. మూట కింద పెట్టింది. అప్పుడు అసలు మాట బయటికొచ్చింది. డాక్టర్లు ఇంక లాభం లేదన్నారు, ఇంటికి తీసుకెళ్ళిపొమ్మన్నారు.

"ఇంటికి తీసుకెల్లిపొమ్మంటే ఇంటికి తేవాల గదా. సింహాచలం ఏటి?"

"ఇల్లు మీది కదమ్మా," అంది.

అంత మామూలుగా అంది. నిష్ఠూరం లేదు, దెప్పు లేదు. ఏదో తిథి చెప్పినట్టు చెప్పింది. ఊళ్ళో ఇల్లు తుపానుకి కూలిపోయిందట, ఆ జాగా పాలివాళ్ళు కలిపేసుకున్నారట. శ్మశానం షెడ్డులో బతికున్న మనిషిని పెట్టడానికి కొడుక్కి మనసొప్పలేదట. దేవుడి సన్నిధిలో పోయినట్టైనా ఉంటుంది, మా ఇంటికి చేటూ రాదు, ఇలా ఆలోచించుకున్నారు. "మీరు ఎలాగూ కాళీ సెయ్యమన్నారు గదండి. పోతూ పోతూ మీకీ అపకారం సెయ్యడమేటని ఆయన," అని ఆగిపోయింది.

నాకు ఆ పిల్ల మీద కోపమొచ్చింది, వాడి మీద వచ్చింది, అందరికంటే ఎక్కువ మా వీధి మీద వచ్చింది. ఇంత మర్యాద ఎవరు నేర్పారు వీళ్ళకి? చస్తున్న మనిషిని యాత్రకి తీసుకెళ్తున్నట్టు అబద్ధమాడి సత్రంలో దింపే మర్యాద! ఇది మంచితనం కాదు, భయం. ఆ భయం మేం పెట్టింది.

"నోటీసు పైపు గురించే. చావు గురించి నాను ఒక్క ముక్క రాయలేదు," అన్నాను. ఆ అబ్బాయి అప్పటికే తల్లిని బండెక్కించి కొండకి బయల్దేరాడట, ఫోను చేస్తే ఎత్తలేదు. చెప్పులేసుకుని, మా ఆయన్ని లేపి, ఆటో పిలిచి, ముగ్గురం సింహాచలం వెళ్ళాం. దారిలో మా దూరపు చుట్టం ఒకాయనకి ఫోను చేశాను. ఆయన కోర్టులో ప్లీడరు. అద్దెకున్నవాడు తన తల్లిని ఇంటికి తెచ్చుకుంటే ఓనరు ఆపొచ్చా అని అడిగాను. గడువు తీరేదాకా ఆ ఇల్లు వాడి స్వాధీనంలో ఉన్నట్టే, గేటుకి అడ్డం నిలబడితే ఓనరైనా సరే కేసవుతుంది అన్నాడు. "నువ్వు ఆపుతున్నావా ఏంటి?" అని అనుమానంగా అడిగాడు కూడా. నా నోరు అలాంటిది మరి.

సత్రం ముందు ఆటో ట్రాలీ ఆగి ఉంది. వెనక పరుపు మీద ఆవిడ. ఎండకి కొడుకు తువ్వాలు పట్టుకుని నిలబడ్డాడు. నన్ను చూసి అద్దె బాకీ ఉన్నవాడిలా బెదిరిపోయాడు. నిజానికి వాడు ఏ నెలా ఆలస్యం చేసి ఎరగడు. నేను వాడితో మాట్లాడకుండా ఆవిడ దగ్గరికెళ్ళాను. సగం అయిపోయింది మనిషి. కళ్ళు మాత్రం అవే.

"ఎక్కడికెళ్తావు?" అని అడిగాను.

"ఈ గుంటడు మల్లీ కొండకి తెచ్చినాడు నన్ను," అంది ఆయాసపడుతూ. "అప్పన్న బాబుని ఏటేటా సూత్తనే ఉన్నాను గదా. ఆయనకి నాను తెలుసు, నాకు ఆయన తెలుసు. ఇంటికెల్తాను. నా మంచం మీద పడుకుంటాను."

"ఏ ఇంటికమ్మా?" అన్నాడు కొడుకు, ఏడుపు ఆపుకుంటూ.

"ఏ ఇల్లేటిరా? మేడ మీదకి."

వాడు నా వైపు చూశాడు. బండి తిప్పమన్నాను.

మేం ఇల్లు చేరేసరికి గేటు ముందు బావగారు నిలబడి ఉన్నారు. ఆయనకి కబురెవరు పంపారో చెప్పక్కర్లేదు, ఎదురింటావిడ పక్కనే ఉంది. వీధిలో నలుగురైదుగురు పని ఉన్నట్టు నిలబడ్డారు.

బావగారు చెడ్డవారు కాదు. మాట మెత్తన. "అమ్మా, కాస్త ఆలోసించు," అన్నారు. "ఇయ్యాల జాలి పడతావు. రేపు ఇల్లు మూసీవలసొస్తాది. ఆ తరవాత ఆ పోర్షన్లోకి కుక్క కూడా రాదు."

"రాకపోతే మానీమనండి. కుక్కలకివ్వడానికి నాను మేడ కట్టలేదు."

ఎదురింటావిడ కల్పించుకుంది. వాళ్ళ పిల్లకి సంబంధాలు చూస్తున్నారట. ఎదురింట్లో అశుభమంటే వచ్చేవాళ్ళు ఏమనుకుంటారట. "మీ పిల్ల పెళ్ళి మా మేడ మీద చేస్తన్నావా వదినా?" అన్నాను. ఆవిడ కొంగు నోటికడ్డం పెట్టుకుని వెనక్కి తగ్గింది.

"షరతు నాను ముందే సెప్పాను. వాళ్ళు ఒప్పుకునే దిగారు," అన్నారు బావగారు.

"చెప్పింది మీరు. ఇల్లు నాది."

పెళ్ళై వచ్చాక ఆ పెద్దమనిషికి అలా ఎదురు చెప్పడం అదే మొదలు. మొదలుపెట్టాక ఆగలేదు. "గేటుకి అడ్డం నిలబడితే కేసట. ఇప్పుడే ప్లీడరు గారు చెప్పారు. ఓనర్ని నాకే అవుద్దట, మిగతావాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు. ఎవరెవరు నిలబడతారో నిలబడండి, పేర్లు చెప్తాను."

వీధిలో పనులున్నవాళ్ళకి పనులు గుర్తొచ్చాయి. బావగారు మాత్రం కదల్లేదు. నా వైపు కాదు, తమ్ముడి వైపు చూశారు. నేనూ చూశాను. మా ఆయన ఏం చేస్తారో నాకు నిజంగా తెలీదు. ఇంట్లోకి వెళ్ళిపోయారు. అయిపోయింది, గదిలో దూరి తలుపేసుకుంటారు అనుకున్నాను. చేతుల కుర్చీ ఒకటి పట్టుకుని బయటికొచ్చారు. ఆవిడని అందులో కూర్చోబెట్టించి, ముందు వైపు తనే పట్టుకున్నారు.

"నువ్వు కూడానేటిరా?" అన్నారు బావగారు.

"మెట్లు మలుపు కాడ ఇరుకు అన్నియ్యా. ఆ కుర్రాడొక్కడూ తిప్పలేడు," అన్నారు మా ఆయన. ఇద్దరూ కలిసి ఎక్కించేశారు. అంత మంచి మాట ఆయన నోట నేను అంతకు ముందు వినలేదు, ఆ తరవాతా వినలేదు.

ఆవిడ వెంటనే పోలేదు. మంచం చూసుకుందో ఏమో, కొంచెం తేరుకుంది. నేను రోజూ పైకెళ్ళేదాన్ని. తలుపు కొట్టే వెళ్ళేదాన్ని. పలచగా చోడంబలి కాచి కోడలు చెంచాతో పోస్తుంటే, ఉప్పు చాల్లేదని సైగ చేసేది. ఒకరోజు నన్ను దగ్గరికి రమ్మంది.

"నోటీసిచ్చినావు గదా," అంది. "సేత్తన్నాను కాళీ. తొందర పెట్టకు."

నాకు నవ్వొచ్చింది. నవ్వుతుంటే ఏడుపొచ్చింది. ఆవిడ ముందు ఏడిస్తే గెలిచానంటుందని మొహం తిప్పుకున్నాను. "పైపు లెక్క తేలకుండా ఎక్కడికెళ్తావు?" అన్నాను.

"పైపు సన్నం," అంది. చచ్చేదాకా ఒప్పుకోలేదు.

ఆ చివరి రోజు మధ్యాహ్నం మేం భోజనాలు చేసి లేచాం. మెట్ల మీద చాలా అడుగుల చప్పుడైంది. బయటికొచ్చి చూస్తే కొడుకూ, ఊరి నుంచి వచ్చిన బంధువులూ దుప్పటి నాలుగు వైపులా పట్టుకుని ఆవిడని దించుతున్నారు. ఊపిరి గరగరమంటోంది. తీసుకెళ్ళి స్కూటర్లు పెట్టుకునే రేకుల షెడ్డులో చాప పరిచారు. రేకు కింద ఎండ సెగ కొడుతోంది. పాత పెయింటు డబ్బాలు ఒక పక్క, మా స్కూటరు ఒక పక్క.

"ఇదేటి?" అన్నాను.

"శ్వాస మారిపోనాదమ్మా," అన్నాడు కొడుకు. "పెద్దాయన, మీ బావగారు, టీకొట్టు కాడ కనపడి అడిగినారు. ఆకరి గడియలో బయటికి తెచ్చీసుకుంటే ఇంటికి దోసం ఉండదన్నారు. ఇంట్లో పోనివ్వనని మాటిచ్చినాను."

ఇంట్లో పోనివ్వనని. తల్లి ప్రాణం గురించి కొడుకు చేత అనిపించిన మాట అది. మనవాళ్ళలో చాలామంది చేసే పనే. సొంత ఇళ్ళలో కూడా ఆఖరి ఊపిరికి మనిషిని గది లోంచి పంచలోకి లాగుతారు, ఇల్లు దక్కాలని. పోయే మనిషికి కళ్ళముందు ఏముందో ఎవరూ చూడరు. నేను చూశాను. ఆవిడ కళ్ళు తెరిచే ఉన్నాయి. స్కూటరు చక్రం వైపు చూస్తున్నాయి.

నాకు అంత కోపం జీవితంలో రాలేదు. "షెడ్డు స్కూటరుకి," అన్నాను. "మనిషికి కాదు."

మళ్ళీ పైకి తీసుకెళ్ళే వ్యవధి లేదు. మలుపు దగ్గర ఇరుకు. వెళ్ళి మా హాలు తలుపు రెండు రెక్కలూ బార్లా తీశాను. సోఫా గోడకి నెట్టాను.

"ఇలా తీసుకురండి."

బంధువుల్లో ఒక ముసలాయన చెవులు మూసుకున్నాడు. కొడుకు గుమ్మం దాకా వచ్చి ఆగిపోయాడు. "అమ్మా, అది మీ ఇల్లు," అన్నాడు.

"నాకు తెలుసు. అందుకే తలుపు నాను తీశాను."

మా హాలు మధ్యలో, ఫ్యాను కింద పడుకోబెట్టారు. కోడలు తులసినీళ్ళు పోసింది. ఆ నీళ్ళలో కొన్ని లోపలికెళ్ళాయి, కొన్ని చెంప మీదుగా కారాయి. నేను కొంగుతో తుడిచాను. కొడుకు తల్లి తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఆవిడ పైకి చూస్తూ ఏదో అంది. వాడు వంగి విని, "సల్లగుందంట," అని నాతో చెప్పాడు. కాసేపటికి గరగర ఆగింది. ఇంటి నిండా మనుషులున్నా ఫ్యాను చప్పుడొక్కటే వినిపించింది. అప్పుడు ఏడ్చాను. డాబా మీద నాతో సమానంగా దెబ్బలాడ్డానికి ఇంక ఎవరూ లేరని ఏడ్చాను.

మా గుమ్మంలోంచే పాడె లేచింది. డప్పులు మా వాకిట్లోనే మోగాయి. ఎదురింటావిడ కిటికీలన్నీ మూసుకుంది. పనిమనిషి మర్నాటి నుంచి మానేసింది. అది కూడా చెప్పాలి, ధైర్యం చేస్తే అంట్లు మనమే తోముకోవాలి.

బావగారు పంతులుగారిని వెంటబెట్టుకుని వచ్చారు. ఇద్దరూ వాకిట్లోనే నిలబడ్డారు. పంతులుగారు ప్రాణం పోయిన వేళ అడిగి, వేళ్ళ మీద లెక్క వేసి, తల అడ్డంగా ఊపారు. ధనిష్ఠ. ఆర్నెల్లు ఇల్లు విడిచిపెట్టాలన్నారు. పాపం ఆయన తను చదువుకున్నది చెప్పారు, ఆయన మీద నాకేం లేదు.

"ఇన్నావా?" అన్నారు బావగారు. "పైన పోయుంటే పైవాటా మూసీవాళ్ళం. ఇప్పుడు నువ్వుండే ఇల్లే మూసుకోవాల. ఎక్కడుంటారు?"

"ఇక్కడే ఉంటాం."

"ఏదైనా జరిగితే?"

"జరిగితే ఈ హాల్లోనే పడుకోబెడతారు. జాగా ఎక్కడో అందరికీ తెలిసిపోయింది గదా."

బావగారి మొహం పాలిపోయింది. తమ్ముణ్ణి తమ ఇంటికి వచ్చెయ్యమన్నారు. మా ఆయన వెళ్ళలేదు. అలాగని హాల్లోకీ రాలేదు, వరండాలో పక్క వేసుకున్నారు. భయం ఉంది ఆయనకి, ఎందుకుండదు? నాకు లేదా? ఒంటరిగా హాలు దాటాల్సి వచ్చినప్పుడు నేనూ గబగబా నడిచాను. ఆ చోటు తొక్కకుండా పక్కనుంచి వెళ్ళాను. కానీ భయపడుతూ ఉండొచ్చు, భయపడి ఇల్లు వదిలి పోనక్కర్లేదు. కొన్నాళ్ళకి దోమలకి తాళలేక మా ఆయన లోపలికొచ్చేశారు.

బావగారు ఇప్పటికీ మా గడప తొక్కరు. తమ్ముడితో మాట్లాడాలంటే గేటు దగ్గర నిలబడి పిలుస్తారు. ఆయనకి నా చేతి ఉలవచారంటే ఇష్టం. గిన్నెలో పోసి పంపితే తీసుకుంటారు, లోపలికి మాత్రం రారు. అది నాకు బాధే. బాధని అబద్ధమాడి దాచను. అయినా ఆ రోజు మళ్ళీ వస్తే మళ్ళీ ఆ రెండు రెక్కలూ తీస్తాను.

కర్మకాండ అయిపోయాక ఆ అబ్బాయీ కోడలూ కిందికి దిగారు. గుండు మీద తువ్వాలు కప్పుకుని ఉన్నాడు. లోపలికి రమ్మన్నాను. వచ్చి, తల్లిని పడుకోబెట్టిన చోటు పక్కన నిలబడి, పైవాటా తాళాలు టీపాయ్ మీద పెట్టాడు. సామాన్లు సర్దేశారట. పెందుర్తిలోనే మరో వీధిలో గది చూసుకున్నారట.

"మా వల్ల మీకు ఇంత సేటు వచ్చినాది," అన్నాడు. "సుట్టాలు దూరమైపోనారు. నోటీసూ ఉన్నాది. కాళీ సేసెత్తాం అమ్మా."

"మీ అమ్మ పోయిందెక్కడరా?"

"ఈ హాల్లోనండి."

"పంతులుగారి లెక్క ప్రకారం ఖాళీ చెయ్యాల్సిందెవరు?"

పిల్ల కళ్ళొత్తుకుంటోంది.

"నాను," అన్నాను. "నక్షత్రం పట్టుకుంది నా వాటాని. ఊరంతా పొమ్మంటోంది నన్ను. నానే పోవట్లేదు. మధ్యలో మీరెవరు పోడానికి?"

తాళాలు తీసి వాడి చేతిలో పెట్టాను. వాడు వాటిని పిడికిట్లో బిగించి, ఇన్నాళ్ళూ వచ్చినవాళ్ళందరి ముందూ ఆపుకున్నది ఆపుకోలేక, అక్కడే నేల మీద కూలబడి, "అమ్మా" అని పెద్దగా ఏడ్చాడు. వీధిలోకి వినిపించేలా ఏడ్చాడు. నేను తలుపు వెయ్యలేదు.